బాసగూడ అడ్డదూలం

నేను నల్లమద్ది దూలాన్ని. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా బాసగూడలో, తాలిపేరు ఏటి ఒడ్డున ఒక పెంకుటింటి కప్పులో ఉంటాను. నాకు పైన వెన్నుగాడి, కింద గోడ, నడుమ అడ్డంగా నేను. నా మీద వాలుగా వాసాలు, వాటి మీద వెదురు బద్దలు, ఆపైన నాటు పెంకులు. గోడలోనూ నా వాళ్లున్నారు. గుంజలకు అడ్డంగా కట్టిన బద్దలు మట్టిమెత్తును పట్టుకుని నిలబడతాయి. అవి బయటికి కనిపించవు, వాటిని ఎవరూ తలచుకోరు. అది నాకు బాధే.

వానాకాలంలో పెంకులు నీళ్లు పీల్చి బరువెక్కుతాయి. నా వీపు నొక్కుకుంటుంది, కడుపు సాగుతుంది. సాగే చోట ముడి ఉంటే అక్కడే విరుగుతాను. అందుకే వడ్రంగి నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, ముడి ఉన్న వైపు పైకి వచ్చేలా వేశాడు.

నన్ను కాపాడింది మాత్రం పొయ్యి. రోజూ లేచే పొగ బద్దల్ని ఆరబెట్టేది, పురుగును దగ్గరికి రానిచ్చేది కాదు. కింద దోర్లీ, తెలుగు, హల్బీ కలగలిసిన మాటలు వినబడేవి.

2005 జూన్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా, ప్రభుత్వ అండతో సల్వా జుడుం అనే ఉద్యమం మొదలైంది. అప్పటికి మా బీజాపూర్ ఇంకా దంతెవాడ జిల్లాలోనే ఉంది. ఆ భయాల కాలంలోనే ఊరు ఖాళీ అయింది. కొందరు సల్వా జుడుం శిబిరాలకు వెళ్లారు, కొందరు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని చర్ల వైపు నడిచారు. తాలిపేరు నీళ్లు గోదావరికి పోయేదీ అటే. పొయ్యి ఆరిపోయింది. జారిన పెంకును సర్దే చెయ్యి లేదు. ఆ సందులోంచి పడ్డ వాన గోడలోకి దిగింది, గోడలో ఉన్న నా కొసను చెద పట్టింది. మోసిన బరువు నన్నెప్పుడూ ఇంత దెబ్బతీయలేదు.

2011 జూలై 5న సుప్రీంకోర్టు సల్వా జుడుంకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. వెళ్లినవాళ్లలో తిరిగి వచ్చినవాళ్లు ఉన్నారు, రానివాళ్లూ ఉన్నారు. మా ఇంటివాళ్లు వచ్చారు. పుచ్చిన కొసను కోసేసి, గోడను లోపలికి జరిపి కట్టారు. గది చిన్నదైంది. పది అడుగుల మేర ఆనుడు లేకుండా ఉండేదాన్ని, ఇప్పుడది ఎనిమిది అడుగులే. అడుగుకు పడే బరువు మారలేదు కానీ, మునుపు వంగినదాంట్లో సగం కూడా వంగను. కొత్త పెంకులు వస్తే ఈ వానలకు ముందే ఎక్కించమనండి, మోస్తాను.