నాటొద్దు

2023 జులైలో మదనపల్లె మార్కెట్లో మొదటి రకం టమాటా కిలో రెండొందలకు చేరువైంది. సోమల మండలం రైతు ఒకాయన కోలారు మండీకి కాయ తోలి, నెలన్నరలో నాలుగు కోట్లు చూశాడని పేపర్లన్నీ రాశాయి. సెప్టెంబరుకల్లా ఇదే సీమలో ధర లేక కాయను రోడ్డు పక్కన పారబోసినవాళ్లున్నారు. ఆ వార్త లోపలి పేజీల్లో వచ్చింది.

మరుసటి ఏడు ఒక ఎకనామెట్రిక్స్ సారు సోమల వైపు వచ్చాడు. అంతదాకా ఆయన పనంతా వర్ధమాన దేశాల షేర్ మార్కెట్ల మీదే. ధర ఒకసారి ఊగడం మొదలెడితే కొన్నాళ్లు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును లెక్కగట్టే ‘ఆర్చ్’ పద్ధతిని రాబర్ట్ ఎంగిల్ 1982లో ఇచ్చాడు, 2003లో నోబెల్ అందుకున్నాడు. మన సారు అందులో టమాటా ధరలు వేసి చూశాడు. షేర్లు నయమనిపించాయట.

ఊళ్లో మీటింగు పెట్టి, గోడకు దుప్పటి కట్టి గ్రాఫులు చూపించాడు.

“పోయిన సీజన్ ధర చూసి అందరూ నాటుతారు. రెండు నెలలు దాటితేగానీ కాయ తెగదు. తెగాక అందరిదీ ఒక్కసారే మండీకొస్తుంది, ధర పడుతుంది. దీన్ని సాలెగూడు సిద్ధాంతమని 1938లోనే వివరంగా రాసిపెట్టారు. ఈసారి టమాటా నాటొద్దు.”

చప్పట్లు కొట్టారు. వెనక గోడకానుకున్న రైతు ఒక్కటే అడిగాడు.

“ఈ మాట ఇంకెవరికైనా చెప్పినారా సార్?”

“నాలుగూళ్లలో చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు!”

రైతు తృప్తిగా తలూపాడు.

తెల్లారి సారు కారు పుంగనూరు దారి పట్టింది. దారిలో నర్సరీ ముందు బైకులు, టెంపోలు ఆగివున్నాయి. నాలుగూళ్ల మొహాలూ అక్కడే ఉన్నాయి. నిన్నటి రైతు నారు ట్రేలు టెంపోకెక్కిస్తున్నాడు.

“ఏమయ్యా, నాటొద్దన్నాను కదా?”

“మిగతా మూడూళ్లోళ్లు నాటరు కదా సార్. ఒప్పుకున్నారని మీరేగా చెప్పినారు!”

ఆ వెనక, పక్కూరి రైతు తన ట్రేలు లెక్కపెట్టుకుంటున్నాడు.

నర్సరీ ఓనరు పరుగెత్తుకొచ్చి కారు అద్దం దగ్గర వంగాడు.

“సార్, ఉన్న నారంతా పొద్దున్నే అయిపోయింది. కొత్తది నెలకల్లా తయారవుతుంది. అప్పుడు చౌడేపల్లెలో కూడా ఒక మీటింగు పెట్టండి సార్!”