ముందు కాళ్లు లెక్కపెట్టకండి

లోతు సముద్రపు సాలీడు బల్ల మీదికి రాగానే అందరూ కాళ్ల మీద పడతారు. ఆ పని ఆఖరికి పెట్టుకోండి. 1,300 పైగా జాతుల్లో దాదాపు అన్నిటికీ ఎనిమిదే. పది కనిపించినా గంతులేయకండి. జేమ్స్ ఎయిట్స్ 1835లో వర్ణించిన డెకొలోపోడాకు పది కాళ్లు, పెంటానింఫాన్‌కూ పదే. మొదటిది కొలొసెండీస్ కుటుంబానిది, రెండోది నింఫాన్ కుటుంబానిది. కాళ్లను నమ్మితే రెండింటినీ ఒకే గూట్లో పెట్టేస్తారు.

ఉన్నవాటిని కాదు, లేనివాటిని వెతకండి. తల ముందు పటకారులాంటి కెలిఫోర్లు, వాటి పక్కన తడుముకునే పాల్పులు, కింద గుడ్లు మోసే ఓవిజెర్లు: ఈ మూడింటిలో ఏది లేదో అదే మీకు దారి. కెలిఫోర్లు లేవు, పాల్పులు పొడుగ్గా ఉన్నాయి, తొండం ఒంటికి దీటుగా ఉందంటే కొలొసెండీస్ ప్రజాతి వైపు నడవండి. కెలిఫోర్లూ పాల్పులూ రెండూ లేవా? పొట్టిగా దిట్టంగా ఉంటే పిక్నోగోనం, సన్నగా ఉంటే ఎండీస్.

ఊడిపోయినదాన్ని లేనిదిగా రాసుకోవద్దు. మొదలు దగ్గర తెగిన మచ్చ ఉందేమో సూక్ష్మదర్శిని కింద చూడాల్సిందే. పిక్నోగోనం ఆడదానికి అసలు ఓవిజెర్లు ఉండవు, కాబట్టి ఒక్క ఆడదాన్ని పట్టుకుని తీర్పు చెప్పొద్దు. కొలొసెండీస్ పిల్లలకు కెలిఫోర్లుంటాయి, పెద్దయ్యాక పోతాయి. అందుకే పిల్లలను పక్కన పెట్టండి. కళ్లు లేకపోవడాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. చీకట్లో బతికే వేర్వేరు ప్రజాతులు దేనికది విడిగా కళ్లు పోగొట్టుకున్నాయి.

సైజు మోజు కూడా వద్దు. కాళ్లు చాస్తే 70 సెంటీమీటర్లు వచ్చే కొలొసెండీస్‌ని ఎవరైనా గుర్తుపడతారు. నిజమైన చిక్కు అంటార్కిటికా కొలొసెండీస్ మెగలోనిక్స్‌ది. ఆ ఒక్క పేరు కింద ఎన్నో వేరు వంశాలు దాగి ఉన్నాయని జన్యుపరీక్షల్లో తేలింది. పేరు ఖాయమైందనుకున్న సీసానే మళ్లీ తెరవమనేది ఇందుకే. పరీక్షకు ఒక్క కాలే తీయండి, మిగతా ఒళ్లు ముట్టుకోవద్దు. వీటి పేగు కొమ్మలు కాళ్లలోకి దిగి ఉంటాయి. తిన్నదాని డీఎన్ఏ కూడా రావచ్చు, ఆ ఫలితాన్ని శరీరంతో సరిచూసుకోవాలి.

లోతు, తేదీ, అక్షాంశ రేఖాంశాలు పెన్సిల్‌తో రాసి ఆ చీటీని సీసా లోపలే వేయండి. ఆల్కహాల్లో మామూలు సిరా కరిగిపోతుంది. చీటీ మీద కుటుంబం వరకే రాయండి. జాతి పేరు మీకు పక్కాగా తెలిసినా సరే, ఇంకొకరు విడిగా చూసి అదే పేరు చెప్పేదాకా రాయకండి.