తప్పు నాదే భాయ్!

పాతబస్తీలో పురానీ హవేలీ దగ్గర సిటీ సివిల్ కోర్టు ఉంది. దానికి సెలవులుంటాయి, వాయిదాలుంటాయి. మదీనా చౌరస్తాలో నడిచే కోర్టుకు ఆ బాధ లేదు. రెండు బండ్లు రాసుకుంటే చాలు, బెంచీ కొలువుదీరుతుంది.

సాయంత్రం ఆరు గంటలు. నయాపూల్ దాటి వస్తున్న కారు, ముందు ఆగిన ఆటోకు తగిలింది అనుకుందాం. కారు బంపరు ఎడమ మూల ఊడి వేలాడుతోంది, ఆటో వెనక లైటు పగిలింది. అర నిమిషంలో పదిమంది జడ్జీలు: పూలబండి చాచా, ఒకే స్కూటర్ మీద ముగ్గురు కుర్రాళ్లు, నెత్తిన మూటతోనే నిలబడిపోయిన హమాలీ. "క్యా మియా, బ్రేక్ నై మారే?" అని అడిగేవాళ్లే గానీ జవాబు వినే తీరిక ఎవరికీ లేదు. చాయ్ వచ్చింది. వెంటనే తీర్పూ వచ్చింది: "దో హజార్ దేదో, ఖతం కరో." కారాయన మర్యాదస్తుడు. "తప్పు నాదే భాయ్, మొత్తం నేనే చూసుకుంటా" అనేశాడు.

గ్లవ్‌బాక్సులో పడుకున్న బీమా పాలసీ కాగితం ఉలిక్కిపడింది. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా పాలసీదారు తప్పు ఒప్పుకోకూడదు, డబ్బిస్తానని మాటివ్వకూడదు, ఇవ్వకూడదు అన్నది మన మోటారు పాలసీల్లో మామూలు షరతు. హైదరాబాదీ తహజీబ్‌ను ఇంత దారుణంగా అవమానించిన వాక్యం మరొకటి ఉండదు. "మాఫ్ కర్నా" అనాలన్నా బ్రాంచి మేనేజరుకు అర్జీ పెట్టుకోవాలేమో!

1988 నాటి మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ఇంకాస్త మనిషి భాషలో మాట్లాడుతుంది. ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పోలీసులు అక్కడ లేకపోతే వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు, స్టేషన్‌లో చెప్పాలి. పాలసీ నంబరు, తేదీ, సమయం, చోటు, గాయపడినవాళ్ల వివరాలు, డ్రైవరు పేరు బీమా కంపెనీకి రాసివ్వాలి. ఆస్పత్రి బాధ్యత దగ్గర చట్టం ఒక మినహాయింపూ ఇచ్చింది: జనం తిరగబడి వీలుపడకపోతే సరే. ఢిల్లీలో రాసినవాళ్లు మన చౌరస్తాలు చూసే ఉంటారు. కాకపోతే జనం కొట్టడానికి వస్తే మినహాయింపు ఉంది గానీ, చాయ్ తాగించి రాజీ చేస్తే లేదు.

ఈలోగా ఎనిమిది ఫోన్లు వీడియో తీశాయి. వాటిలో పత్తర్‌గట్టి రాతి కమాన్లున్నాయి, జడ్జీల మొహాలున్నాయి, చాయ్ గ్లాసులున్నాయి. ఆటో నంబరు ప్లేటు, ఊడిన బంపరు, బండ్లు ఆగిన తీరు మాత్రం ఒక్కదాంట్లోనూ లేవు. బీమా కంపెనీ సర్వేయరు అడిగేదేమో అవే. ఆయన చూడకముందే డెంటింగ్ ఉస్తాద్ బంపరు విప్పి మూలన పడేశాడంటే, ఇక చూపించడానికి మిగిలేది ఉస్తాద్ పనితనమే.

క్లెయిమ్ చేసినా లెక్క తమాషాగా ఉంటుంది. బంపరు 6,000 అనుకుందాం. తరుగు కోయని ‘జీరో డెప్’ కవరు తీసుకోకపోతే ప్లాస్టిక్ సామాను మీద సగం తరుగు, అంటే 3,000 పోయింది. 1,500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత ఇంకో 1,000. చేతికొచ్చేది 2,000. దానికోసం అయిదేళ్లు గీత పడకుండా నడిపి సంపాదించిన 50 శాతం నో క్లెయిమ్ బోనస్ నీళ్లపాలు. ఇక ఏటా పోలీసుకు చూపించడానికని చవకగా థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే కట్టినవాడికి ఈ లెక్కలతో పనే లేదు. ఆటో లైటు సంగతి కంపెనీ చూడొచ్చు గానీ, తన బంపరు తనకే.

2020 అక్టోబరు వరదలో పాతబస్తీ కాలనీలు మునిగినప్పుడు బీమా గురించి మరో పాఠం బయటపడింది. నీళ్లు దిగీ దిగకముందే ఆత్రంగా తాళం తిప్పితే ఇంజన్ పాడవుతుంది. అది వరద చేసిన నష్టం కాదు, మీరు తాళం తిప్పడం వల్ల వచ్చిన నష్టం అని కంపెనీ వాదన. తాళం తిప్పకుండా బండిని తోయించుకుపోవాలట. నడుం లోతు నీళ్లలో తోసేవాడు దొరికితే కదా!

ఎట్టకేలకు కారాయన రాత్రి ఇంట్లో క్లెయిమ్ ఫారం ముందేసుకున్నాడు. సాక్షుల పేర్లు రాయమని ఒక గడి. చౌరస్తాలో పదిమంది ఉన్నారు, ప్రమాదం తమ కళ్లతో చూశామని పదిమందీ ఒట్టేశారు. ఆయన చాలాసేపు ఆలోచించి రాశాడు: చాచా, భాయ్, ఉస్తాద్.