విప్పుడు మాస్టారు

ఉద్దానంలో కొబ్బరితోట లేని ఇల్లు ఉండొచ్చు గానీ, విప్పిన మిషన్ ముందు పీట వేసుక్కూచునే పెద్దమనిషి లేని ఊరు ఉండదు. ఒకచోట ఆయిల్ ఇంజన్, ఇంకోచోట వాల్వు రేడియో. మా ఊళ్ళో ఆ పీట మా మేనమామది. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఎదురుపడితే అందరూ 'మాస్టారూ' అంటారు, పక్కకెళ్ళి 'విప్పుడు మాస్టారు' అంటారు. విప్పడం ఆయన పని, బిగించడం ఈశ్వరేచ్ఛ.

ఆయన విప్పేది చెట్లు కోసే రంపం మిషన్. స్టిల్ 070. జర్మన్ కంపెనీది, 106 సీసీ ఇంజను, బార్, చైను తగిలించకముందే పది కిలోల పైమాట. ఎవరో టింబరు డిపో ఎత్తేస్తూ పాత ఇనుము లెక్కన అమ్మేస్తుంటే తెచ్చుకున్నాడు. పెరట్లో ఎండిపోయిన పనసచెట్టు కొట్టించడానికి కూలి దండగని అత్తకి చెప్పాడు. అత్త నమ్మింది. అప్పటికి ఆవిడకి ఈ జాతి సంగతి తెలియదు పాపం.

మిషన్లు బాగుచెయ్యడం వీళ్ళ సరదా అని చాలామంది అనుకుంటారు. అబ్బే. బాగైపోవడమంటేనే వీళ్ళకి బెంగ. ఒకసారి ఆ రంపం నిజంగానే స్టార్టయింది. వీధిలో కుక్కలు పరుగో పరుగు, మామయ్య ముఖం మతాబా. అదీ రెండు నిమిషాలే. చెవి వంచి విన్నాడు, కనుబొమ్మలు ముడిచాడు, "ఐడిలింగులో ఏదో తేడా ఉందిరా" అని ఆపేశాడు. సాయంత్రానికల్లా అది మళ్ళీ పాత పేపర్ల మీద ముక్కలై పడుంది. మామయ్య ముఖంలో అప్పుడు గానీ ప్రశాంతత రాలేదు. (నా బల్ల సొరుగులో ఆగిపోయిన వాచీలు కొన్ని ఉన్నాయన్న మాట ఇక్కడ అప్రస్తుతం.)

ఆయన సిద్ధాంతం ప్రకారం ఏ టూ స్ట్రోక్ ఇంజనుకైనా రోగాలు మూడే. స్పార్కు, పెట్రోలు, కంప్రెషను. కంప్రెషను చూడ్డం తేలిక. మిషన్‌ని స్టార్టరు తాడు పట్టుకుని గాల్లోకి లేపుతాడు. ఆగాగి, మెల్లగా దిగితే పిస్టను రింగులు బాగున్నట్టు, జర్రున జారితే అరిగిపోయినట్టు. పాదాల మీదికి జారిన రోజున కుంటుతూనే "రింగులు పోయాయి" అని రిపోర్టిచ్చాడు.

స్పార్కు సంగతే వేరు. దానికి చీకటి కావాలి. సీరియల్లో అత్తగారు విషం కలుపుతున్న ఘట్టంలో ఇల్లంతా గుప్పున చీకటి.

"కరెంటు పోనాదేటి?" అని పక్కింటామె కేక.

"పోన్లేదమ్మా, మీ మాస్టారు తీసేసేరు" అని అత్త జవాబు.

అందరం వరండాలో చుట్టూ నిలబడాలి. మామయ్య ప్లగ్గు ఊడదీసి, దాని మెడని సిలిండరు రెక్కకి ఆనించి, తాడు లాగుతాడు. చిటుక్కుమని ఓ మెరుపు. "నీలమా, పసుపా?" అని పరీక్ష పెడతాడు. నీలం అంటే మాగ్నెట్ బాగున్నట్టు, ఇంక వేరేచోట వెతకాలి. పసుపు అంటే ఫ్లైవీలు కింద సీబీ పాయింట్లు నల్లబడ్డట్టు, వాటిని గరుకు కాగితంతో రుద్ది, 0.4 మిల్లీమీటర్ల సందు ఫీలర్ గేజితో సరిచూడాలి. ఏది చెప్పినా ఆయనకి పనే. ఓసారి నీలమూ లేదు, పసుపూ లేదు. కాయిలు, కండెన్సరు అన్నీ విప్పాక ఆయన మనవడు వంగి చూసి, "తాతా, స్విచ్చు ఆపి ఉంది" అన్నాడు. వాడికి ఆ వారం చాక్లెట్లు బంద్.

పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నప్పటి నుంచి మామయ్యకి శత్రువు కూడా దొరికాడు. అది తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని తినేస్తుంది, కార్బొరేటర్లో డయాఫ్రం గట్టిపడుతుంది అని పాలవాడితో సహా అందరికీ చెబుతాడు. లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిలుని దగ్గుమందు మూతతో కొలుస్తాడు. ఇంట్లో అందరూ దగ్గు మానేశారు.

చరిత్ర మొదలెడితే ఇంకా ప్రమాదం. 1946లో అమెరికాలోని ఒరెగాన్‌లో జో కాక్స్ అనే ఆయన మొద్దును తొలుస్తున్న పురుగు దవడల్ని చూసి రంపం చైను పళ్ళని కొత్తగా మలిచాడట. కొమ్ము పురుగుతో తోట పోగొట్టుకున్న రైతుని కూచోబెట్టి, పురుగు గొప్పతనం గురించి గంటసేపు చెప్పాడు మామయ్య. 18వ శతాబ్దం చివర స్కాట్లాండ్ డాక్టర్లు గొలుసు రంపాన్ని మొదట వాడింది చెట్లకి కాదు, కష్టమైన కాన్పుల్లోనూ కుళ్ళిన కీళ్ళకీ ఎముక కొయ్యడానికి. ఇది నిజమే. కానీ నా చెల్లెలి సీమంతంలో చెప్పాలా?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి దారుల నిండా కొబ్బరిచెట్లు, జీడిచెట్లు. ఊరంతటికీ ఒక్కసారే మాస్టారి మిషన్ గుర్తొచ్చింది. వచ్చి చూస్తే అది పేపర్ల మీద ఉంది. "డయాఫ్రం విశాఖ నుంచి రావాలి" అన్నాడాయన, కళ్ళు దించుకుని.

మధ్యాహ్నానికి బయటినుంచి ఓ కుర్రాడు రంపం పట్టుకొచ్చి కోత మొదలెట్టాడు. మామయ్య గొడుగేసుకుని వెళ్ళి, నాలుగు నిమిషాలు విని, "ఆపు! గాలి ఎక్కువ లాగుతోంది, సౌండు చూడు" అని అరిచాడు. ఊళ్ళో పనిచేస్తున్న ఒకే ఒక్క రంపాన్ని కూడా విప్పేశాడు! జనం కొట్టినంత పని చేశారు. తీరా చూస్తే పెట్రోలు పైపు చిట్లి ఉంది. అలాగే నడిపితే పిస్టను పట్టేసేదని కుర్రాడే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత మూడు రోజులు, వచ్చిన ప్రతి రంపం చైనుకీ మామయ్యే పదును పెట్టాడు. ఇసక పట్టిన కొబ్బరి మాను కోస్తే పళ్ళు ఇట్టే మొద్దుబారతాయి. మోకాళ్ళ మధ్య బార్ పట్టుకుని, గుండ్రటి ఆకురాయితో ఒక్కో పన్నూ 30 డిగ్రీల వాలులో, తోసేటప్పుడే ఒత్తుతూ, వెనక్కి లాగేటప్పుడు తాకనివ్వకుండా రాస్తుంటే, ఆయన్ని ఎగతాళి చేసిన నోళ్ళే టీ తెచ్చిచ్చాయి. ఒక్క రూపాయి పుచ్చుకోలేదు.

ఇంత చేసినా పెరట్లో పనసచెట్టు మాత్రం కదల్లేదు. మొన్న అత్త విసిగిపోయి గొడ్డలి మనిషిని పిలిచింది. పూటలో చెట్టు పడింది. మామయ్య అరుగు మీంచి అంతా చూసి, లేచి వెళ్ళి, గొడ్డలి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ ఊపాడు.

"పిడి కొంచెం వదులుగా ఉంది బాబూ. రేపటిదాకా ఉంచి వెళ్ళు, చూస్తాను."

అతను కూలి డబ్బులు లెక్కైనా పెట్టుకోకుండా, గొడ్డలి లాక్కుని గేటు దాటేశాడు.