పాతకేసు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యకర్త ఎవరో తెలియదు. ప్రతి మీది గ్రీజు మరకలను బట్టి మెకానిక్ అని ఒక వాదం. యతి ఎక్కడా తప్పలేదు కనుక మెకానిక్ కాడని మరో వాదం. నాలుగో పాదాన్ని బట్టి, సొంత డబ్బుతో పెట్రోలు పోయించుకున్నవాడని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు.

మూలం (ఆటవెలది)

పాత జిప్సి లోన పాతకేసు బిగింప
కొండ కూడ చిన్న కొండ యగును
తారు రోడ్డు మీద దాని ఘోష వినిన
బంకు వాడు నవ్వు భాగ్య మనుచు

ప్రతిపదార్థం

పాత జిప్సి లోన = 1996లో వచ్చిన 1298 సీసీ జిప్సీ కింగ్‌లో; పాతకేసు = అంతకంటే ముందుతరం, 1985లో వచ్చిన 970 సీసీ జిప్సీ నుంచి ఊడదీసిన ట్రాన్స్‌ఫర్ కేసును, అనగా గేర్‌బాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టెను; బిగింప = అమర్చగా; కొండ కూడ = ఎక్కలేక ఆగిన ఎత్తు సైతం; చిన్న కొండ యగును = కొంచెం తగ్గినట్టు తోచును; తారు రోడ్డు మీద = చదును దారిలో; దాని ఘోష వినిన = ఆ బండి రొద చెవిన పడిన; బంకు వాడు = పెట్రోలు పోసేవాడు; భాగ్యమనుచు = తన అదృష్టమే అనుకొంటూ; నవ్వు = నవ్వును.

పాఠభేదం

కొన్ని ప్రతులలో మొదటి పాదం ‘పాత జీపు లోన’ అని ఉంది. గణాలు సరిపోతాయి, యతి చెడదు. అయినా అంగీకరించరాదు. కారణాలు రెండు. విల్లీస్ జీపులో స్పైసర్ 18 కేసు గేర్‌బాక్సు వీపుకే అతుక్కుని ఉంటుంది. మరో కేసు పెట్టాలంటే నడుమ అడాప్టర్, తగిన షాఫ్టు, తయారుచేసి ఇచ్చే లేతు పనివాడు కావాలి. అంత పనిని కవి ‘బిగింప’ అనే ఒక్క మాటతో దాటేయడు. జిప్సీలో కేసు గేర్‌బాక్సుకు దూరంగా, రబ్బరు దిమ్మల మీద, చాసిస్‌కు విడిగా వేలాడుతుంది; నడుమ ఒక పొట్టి షాఫ్టు. కనుక ‘బిగింప’ అనడం ఇక్కడే చెల్లుతుంది. రెండవది, జీపు కేసులో హై, అనగా చదును దారికి వాడే నిష్పత్తి, ఒకటికి ఒకటి. లో, అనగా ఎత్తులకు వాడే నిష్పత్తి, ఎంత మారినా తారు రోడ్డు మీద ఘోష పుట్టదు. ‘జీపు’ అని చదివితే మొదటి రెండు పాదాలకూ చివరి రెండు పాదాలకూ పొత్తు చెడుతుంది.

విశేషార్థం: ‘చిన్న కొండ’

కవి సమర్థత అంతా ‘చిన్న’ అనే విశేషణంలో ఉంది. జిప్సీ కింగ్‌లోని సుజుకీ సమురాయ్ తరం కేసులో లో నిష్పత్తి 2.268, దాని అన్న, 970 సీసీ జిప్సీకి మూలమైన ఎస్‌జే 410 కేసులో 2.511. లాభం సుమారు 11 శాతం. సమురాయ్ మొదటి గేరులో, లోలో, ఇంజన్ సుమారు 31 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 410 కేసు పెడితే 34 చుట్లు. కొండ కొండగానే ఉంది, కొద్దిగా కుంగింది. ‘కొండ కూడ మైదానమగును’ అనలేదు చూడండి. ఇది అతిశయోక్తి అని ఆలంకారికులు పొరబడ్డారు. శాతం లెక్క తేలాక ఇది స్వభావోక్తే.

శంక: అయితే ఇంజన్ బలం పెరిగినట్టేనా?
సమాధానం: పెరగలేదు. వేగం ఇచ్చి టార్కు తెచ్చుకోవడం మాత్రమే జరిగింది. ఇచ్చినదానికి రసీదు మూడో పాదంలో ఉంది.

విశేషార్థం: ‘దాని ఘోష’

సుజుకీ కేసులో హై కూడా ఒకటికి ఒకటి కాదు. సమురాయ్‌లో 1.409, ఎస్‌జే 410లో 1.580. కనుక లో తగ్గించుకోబోయినవాడికి హై కూడా తగ్గుతుంది, అదీ 12 శాతం. నిన్న ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగిన వేగానికి ఈరోజు సుమారు 3360 తిరగాలి. కొండ మీద వచ్చింది 11, రోడ్డు మీద పోయింది 12. పెట్రోలు ఖర్చు సరిగ్గా అంతే పెరుగుతుందని కాదు. తగ్గదని మాత్రం బంకు వాడికి తెలుసు. అతడి నవ్వు పైకి అభినందన, లోపల మన జేబు మీద ఎగతాళి. కావున వ్యాజస్తుతి.

శంక: తారు రోడ్డు మీద ఏ స్థానంలో నడపాలని కవి ఉద్దేశం?
సమాధానం: టూ హైలోనే, అనగా వెనక ఇరుసుకు మాత్రమే శక్తి పంపుతూ. ఈ కేసులో ముందు వెనక ఇరుసుల నడుమ డిఫరెన్షియల్ లేదు. పొడి తారు మీద ఫోర్ హై వేసి మలుపు తిప్పితే షాఫ్టులు మెలిపడతాయి. అప్పుడు నవ్వేది మెకానిక్.

విశేషార్థం: ‘బిగింప’

ఈ ఒక్క క్రియలో ఒక అధ్యాయం దాగి ఉంది. పాత సామాను బజారులో కొనేముందు కేసును లోలో వేసి, అవుట్‌పుట్ ఫ్లాంజిని చేత్తో ఒక చుట్టు తిప్పి, ఇన్‌పుట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించాలి. రెండున్నర తిరిగితే కవి చెప్పిన కేసు. రెండుంబావు తిరిగితే మీ బండిలో ఉన్నదే మళ్ళీ కొంటున్నారు. ఫ్లాంజీల రంధ్రాలు మీ షాఫ్టులకు సరిపోవాలి. స్పీడోమీటర్ కేబుల్ ఈ కేసుకే తగులుతుంది. లోపలి చిన్న గేరు వేరైతే ముల్లు అబద్ధం చెబుతుంది. కొన్ని పాత ఎస్‌జే 410లలో చేతి బ్రేకు డ్రమ్ము కూడా కేసు వెనకే ఉండేది. అది ఉన్నదీ లేనిదీ చూడాలి. చీలిన రబ్బరు దిమ్మలు మళ్ళీ వేస్తే లివరు వణుకుతుంది, ఆ వణుకును కొత్త కేసు దోషమని మోసపోతారు.

ఛందస్సు

సరి పాదాలకూ బేసి పాదాలకూ గణాల లెక్క మారే ఆటవెలదినే కవి పట్టుకున్నాడు. హైకీ లోకీ లెక్క మారే వస్తువుకు ఉత్పలమాల నప్పేది కాదు.

తాత్పర్యం

ముందుతరం కేసు పెడితే జిప్సీ ఎత్తులు కొంత సులువుగా ఎక్కుతుంది, చదును మీద అంతకంటే కొంత ఎక్కువగా రొప్పుతుంది.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివినవారందరికీ ఈ కేసు అక్కర్లేదు. 27 అంగుళాల టైర్లు తీసి 30 అంగుళాలవి వేసుకున్నవారు బిగించవచ్చు: పెద్ద టైరు మింగిన 11 శాతాన్ని పాత కేసు తిరిగి కక్కిస్తుంది, రోడ్డు మీద ఘోషా మునుపటిలాగే ఉంటుంది. రోడ్డు చెడకుండా కొండ మాత్రమే కుంగాలనుకునేవారు, హైని కదపకుండా లోను మాత్రమే తగ్గించే గేర్ల సెట్టు దొరికితేనే తెప్పించుకోవాలి. అసలు టైర్లతో హైవే మీదే తిరిగేవారు ఈ పద్యాన్ని కంఠస్థం చేసి, కేసు జోలికి పోకుండా ఉండటం ఉత్తమం.