పుకారు పెంపకం: కొత్తగా దిగేవారికి సూచనలు

ఈ రంగంలోకి దిగేవాళ్లంతా మొదట్లో జనాన్ని నమ్మించాలని తంటాలు పడతారు. ఫొటోలు, సాక్ష్యాలు, ఫలానా డాక్టరుగారు చెప్పారనడాలు. ఎందుకంత శ్రమ? నమ్మకంతో మీకు పనే లేదు. జనం చేతికి ఓ చిన్న పని అప్పజెప్పండి, చాలు.

1990లలో మన ఊళ్లలో తలుపుల మీద కనిపించిన 'ఓ స్త్రీ రేపు రా' తలుచుకోండి. రాత్రిపూట ఓ ఆడదయ్యం తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందట, పలికారో అంతే సంగతులు. తలుపు మీద ఆ మాట ఉంటే చదువుకుని వెనక్కి పోతుంది. మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుతుంది. దానికి చదువెలా అబ్బిందని ఎవరూ అడిగినట్టు లేదు. బెంగళూరులో అదే దయ్యం 'నాళె బా' అని కన్నడంలోనూ చదివింది. మనవాళ్లేమో ఆ రోజుల్లో రాత్రి బడికి రమ్మంటే మొహం చాటేసేవారు!

ఇందులో పనితనం చూడండి. ఖర్చు ఓ సుద్దముక్క, అదీ లేకపోతే పొయ్యిలో బొగ్గు. 'నేనిలాంటివి నమ్మను గానీ, రాసేస్తే పోలా' అనే మాట మీదే మన వృత్తంతా నిలబడి ఉంది. రాసినాయన నమ్మకపోతేనేం, పక్కింటివాళ్లకు తలుపు మీది అక్షరాలు కనిపిస్తాయి గానీ ఆయన సందేహం కనిపిస్తుందా? వీధిలో తొమ్మిది తలుపుల మీద రాసి ఉంటే, దయ్యం ఎక్కడికొస్తుందో పదో ఇంటావిడకు వేరే చెప్పనక్కర్లేదు.

ఎవరికి జరిగిందని అడిగితే 'మా తోడికోడలి పిన్నిగారి ఊళ్లో' అనండి. మన వీధిలోనే అంటే వెళ్లి చూసొస్తారు, అమెరికాలో అంటే ఎవరికీ భయం వేయదు. వెనకటి కరపత్రాల వాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు: గుళ్లో పూజారికి పాము కనిపించింది, వెయ్యి కాపీలు అచ్చేసి పంచినవాడికి లాటరీ తగిలింది, చించేసినవాడికి ఉద్యోగం ఊడింది. పేర్లుండవు, అడ్రసులుండవు.

శాస్త్రవేత్తలకు జడవకండి. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడన్న మాట తెల్లవారుజామున ఢిల్లీలో పుట్టి, ఆ రోజే లండన్ గుళ్లకు చేరింది. అప్పటికి జనం చేతుల్లో సెల్‌ఫోన్లు ఎక్కడివి? ఢిల్లీలో శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి, అవి విగ్రహం మీంచి కిందికే కారుతున్నాయని చూపించారు. తలతన్యత అన్నారు. నిజమే కావచ్చు. కానీ తలతన్యతతో ఇంటిల్లిపాదీ చేసే పనేముంది? ఇటువైపు చెంచా ఉంది, పాలున్నాయి, లైనుంది.

వాట్సాప్ 2018లో మన దేశంలో ఫార్వర్డుకు ఐదు చాట్ల హద్దు పెట్టింది. 2020లో, అప్పటికే చేతులు బాగా మారిన మెసేజీని ఒకసారికి ఒక్క చాట్‌కే అంది. పెట్టుకోనివ్వండి. సుద్దముక్క కాలంలో ఇంటికి ఒకటే వీధితలుపు.

ఒక చిక్కు మాత్రం ఉంది. జనం అందుకునే పని సుద్దముక్కతోనే ఆగుతుందన్న హామీ మీరివ్వలేరు. అదే 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న మాటకు కర్రలు అందుకున్నారు. కొత్త మొహం కనబడితే కొట్టారు. తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రాణాలు పోయాయి. ఆ మెసేజీ పంపినవాళ్లను అడిగితే 'నిజమో కాదో, ఎందుకైనా మంచిదని' అంటారు. ఈ భాగం నచ్చకపోతే చదవకుండా దాటేయండి. వృత్తిలో పండినవాళ్లంతా దాటేసినవాళ్లే.

పేపర్లో వచ్చే ఖండన ప్రకటన మనకు ఉచిత ప్రచారం. జాగ్రత్త పడాల్సింది జోగులాంబ గద్వాల లాంటి చోట. అక్కడ అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా తిప్పారు. జానపద కళాకారులతో డప్పు కొట్టించి, పాట కట్టించి పుకారు సంగతి విప్పి చెప్పించారు. అనుమానమొస్తే ముందు పోలీసులను అడగమన్నారు. అడగడం కూడా పనే కదా, పైగా సుద్దముక్క ఖర్చు కూడా లేనిది. జనానికి అది అలవాటైన ఊళ్లో మీరు చేసేదేమీ లేదు, పక్క జిల్లాకు మకాం మార్చండి.