కొండదొరలూ, దొరగారూ

అరకులోయకు వెళ్లే యాత్రికుడికి కరపత్రాలూ గైడ్లూ ముక్తకంఠంతో అప్పజెప్పే మొదటి పాఠం, 1807లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ అనే ఆంగ్లేయుడు బొర్రా గుహలను కనుగొన్నాడన్నది. ఆ సంస్థ పుట్టింది 1851లో. కొలువు ఏర్పడటానికి 44 ఏళ్ల ముందే ఉద్యోగంలో చేరి కొండలెక్కిన ఈ దొరగారి సర్వీసు, నీటిబొట్టు వెంట నీటిబొట్టు జారి సున్నపురాయి పేరుకుని ఏర్పడిన లోపలి స్తంభాలకన్నా పెద్ద వింత అయినా, దానికి ఆశ్చర్యపోయేవారు అరుదు. స్థానికులు చెప్పుకునే కథలో గుహ పైకప్పు కన్నంలోంచి జారిపడిన ఆవూ, దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరీ ఉంటారు. ఆ ఆవు పొదుగు పేరే గోస్తనీ నదికి వచ్చిందంటారు. ఆ కథ ఐతిహ్యం, అనగా నోటిమాటగా వచ్చిన నమ్మకం. లెక్క కుదరని 1807 మాత్రం చరిత్ర. కొండదొర అన్నది ఆ కొండల్లో బతికే ఒక తెగ పేరు కాగా, కనుగొన్న ఘనత వట్టి దొరకు దక్కింది.

అరకులో 1996లో వెలసిన గిరిజన మ్యూజియంలో వేట, వంట, పెళ్లి, నాట్యం నిలువెత్తు బొమ్మల రూపంలో కొలువుతీరాయి. శిల్పుల పనితనానికి వంక పెట్టడానికి లేదు. వంకంతా వాటిని చూసి బయటికొచ్చి ‘గిరిజన జీవితమంతా గంటలో చూసేశాం’ అనే సంతృప్తికే. ఆ బొమ్మలు సంతకు వెళ్లవు, పట్టా కోసం కార్యాలయాల చుట్టూ తిరగవు, పిల్లలను ఆశ్రమ పాఠశాలలో, అంటే ప్రభుత్వ వసతి బడిలో, చేర్పించవు, అన్నిటికీ మించి ధర చెప్పవు. లోపల పొయ్యి ముందు కూర్చున్న బొమ్మకు భక్తితో ఫొటో తీసిన చెయ్యే, రోడ్డుపక్కన కొండచీపుర్లు అమ్ముతున్న ఆడమనిషి దగ్గర పది రూపాయలకు బేరమాడుతుంది.

థింసా సంగతీ అంతే. చైత్రమాసపు పండుగల్లోనూ పెళ్లిళ్లలోనూ తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ముల మోతకు ఆడవాళ్లు ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసి గొలుసుకట్టుగా కదిలే ఈ నృత్యంలో రకాలెన్నో ఉన్నాయి: గ్రామదేవతను కొలిచేది బోడ థింసా, ఆకులేరడాన్ని అభినయించేది పొతర్ తోల, పులిబారి నుంచి తప్పించుకోవడాన్ని చూపేది భాగ్ థింసా. రిసార్టులో భోజనాలయ్యాక మైకు సెట్టు ముందు జరిగేదానికి ఈ పేర్లేవీ అక్కర్లేదు. దేవత ఉండదు, పులీ ఉండదు, మధ్యలో దూరి రెండడుగులేసి సెల్ఫీ తీసుకునే అతిథి ఉంటాడు. అద్దెకు దొరికే చీర, పూసలు వేసుకుని పది నిమిషాలపాటు గిరిజనులైపోయే ఏర్పాటు కూడా ఉంది. ఈ మారకంలో అటువైపువారికి పది నిమిషాలపాటు యాత్రికులయ్యే వెసులుబాటు కల్పించాలని మాత్రం పర్యాటక పండితులకు తోచలేదు.

కొండ ఎవరిదన్న ప్రశ్నను బొమ్మలు అడగలేదు గాని మనుషులు అడిగారు. గిరిజనులకు భూమిపై రాజ్యాంగం ప్రత్యేక రక్షణనిచ్చిన షెడ్యూల్డు ప్రాంతంలో, అదే బొర్రా పరిసరాల్లో, గనులను ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడంపై నడిచిన సమత కేసులో, అక్కడి భూములను గిరిజనేతరులకు బదలాయించరాదన్న నిషేధం వర్తించే ‘వ్యక్తి’లో ప్రభుత్వం కూడా చేరుతుందని సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పవలసి వచ్చింది. 1807ను విడవకుండా పట్టుకున్న కరపత్రాలు 1997 ఊసెత్తవు.